పాత సెయిల్‌బోట్ కొనాలనుకుంటే: వెతకడం నుంచి ఏటేటా కాపాడుకోవడం దాకా

1959లో న్యూయార్క్ బోట్ షోలో పియర్సన్ కంపెనీ ట్రైటన్ అనే 28 అడుగుల సెయిల్‌బోట్‌ని జనం ముందుకు తెచ్చింది. డిజైన్ గీసింది కార్ల్ ఆల్బర్గ్. ఒళ్ళంతా ఫైబర్‌గ్లాస్. అంతకుముందు చెక్క పడవ కొన్నవాళ్ళు ఏటా ఆ చెక్కకి సేవ చేస్తూ బతకాల్సి వచ్చేది. ఫైబర్‌గ్లాస్ వచ్చాక మధ్యతరగతి కుటుంబాలు కూడా పడవలు కొనడం మొదలుపెట్టాయి. తర్వాతి ముప్పై ఏళ్ళలో పియర్సన్, కాటలీనా, ఓ'డే, హంటర్ లాంటి కంపెనీలు అమెరికాలో వేల కొద్దీ పడవలు తయారుచేశాయి. ఫైబర్‌గ్లాస్‌కి పుచ్చు పట్టదు, చెదలు పట్టదు. అందుకే 1970ల్లో, 80ల్లో తయారైన పడవలు ఇవాళ్టికీ తేలుతూనే ఉన్నాయి. వాటిలో చాలావరకు సెకండ్‌హ్యాండ్ కారు ధరకో, అంతకంటే తక్కువకో దొరుకుతాయి.

ధర చూసి ఆశ పుట్టడం సహజం. అమెరికాలో ఉండే మన తెలుగువాళ్ళు ఈ ఆశతో నన్ను అడిగినప్పుడల్లా నేను చెప్పేది ఒకటే. పాత పడవలో చూడాల్సింది వయసు కాదు, నీళ్ళు. ఉండకూడని చోటికి నీళ్ళు ఏ దారిన వస్తున్నాయి, ఎన్నాళ్ళుగా వస్తున్నాయి అన్నది కనిపెట్టగలిగితే యాభై ఏళ్ళ పడవనైనా ధైర్యంగా కొనవచ్చు. కనిపెట్టలేకపోతే పదేళ్ళ పడవ కూడా జేబు ఖాళీ చేస్తుంది. 22 నుంచి 30 అడుగుల పడవ కొనుక్కుని వారాంతాల్లో కుటుంబంతో దగ్గరి చెరువులోనో బే (అఖాతం) లోనో తిరగాలనుకునేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. సముద్రాలు దాటాలనుకునేవాళ్ళ లెక్కలు వేరు.

ముందు నేర్చుకోండి, మీ నీళ్ళు తెలుసుకోండి

పడవ కొన్నాక నేర్చుకుందామని అనుకోవద్దు. అమెరికన్ సెయిలింగ్ అనే సంస్థ వాళ్ళ 101 కోర్సు గానీ, యూఎస్ సెయిలింగ్ వాళ్ళ బేసిక్ కీల్‌బోట్ కోర్సు గానీ చేయండి. హుస్సేన్ సాగర్‌లో ఆప్టిమిస్ట్, లేజర్ లాంటి చిన్న పడవలు నడిపి వచ్చినవాళ్ళకి గాలి సంగతి బాగానే తెలుసు. కానీ వేల పౌండ్ల బరువున్న కీల్‌బోట్‌ని, అంటే అడుగున కీల్ అనే బరువైన రెక్క ఉన్న పడవని, ఇంజిన్ మీద ఇరుకైన స్లిప్‌లోకి (పడవ నిలిపే చోటికి) తీసుకురావడం వేరే విద్య.

ఇంకో మంచి దారి ఉంది, దానికి డబ్బు కూడా అక్కర్లేదు. చాలా ఊళ్ళలో యాట్ క్లబ్బులు వేసవిలో వారం మధ్యలో సాయంత్రాలు సరదా రేసులు పెడతాయి. ఆ పడవలకి ఎప్పుడూ మనుషులు తక్కువే. లైఫ్ జాకెట్ వేసుకుని డాక్ మీదికి వెళ్ళి "క్రూ కావాలా?" అని అడిగితే ఎవరో ఒకరు ఎక్కించుకుంటారు. ఒక సీజన్ అలా తిరిగితే ఏ పడవ ఎలా నడుస్తుందో, ఎవరు దాన్ని బాగా చూసుకుంటున్నారో, ఎవరు అమ్మే ఆలోచనలో ఉన్నారో అన్నీ తెలిసిపోతాయి. మంచి పడవలు చాలావరకు ప్రకటన దాకా రావు.

మీరు తిరగబోయే నీళ్ళని బట్టే పడవ. చెసాపీక్ బే సగటు లోతు 21 అడుగులే. హ్యూస్టన్ పక్కన గాల్వెస్టన్ బేలో సగటున 10 అడుగులు కూడా ఉండదు. అలాంటి చోట 6 అడుగులు దిగే కీల్ ఉంటే బురదలో ఇరుక్కోవడంతోనే సరిపోతుంది, 4 అడుగుల చుట్టుపక్కల ఉంటే హాయి. శాన్‌ఫ్రాన్సిస్కో బేలో వేసవి మధ్యాహ్నాల గాలి చాలా గట్టిది, అక్కడి పడవల తెరచాపలూ, వాటిని మోసే మాస్ట్ అనే కంబాన్ని నిలబెట్టే తీగలూ త్వరగా అరుగుతాయి. డాలస్ దగ్గరి లూయిస్‌విల్, రే హబ్బర్డ్ లాంటి చెరువుల్లో, అట్లాంటా దగ్గరి లేక్ లానియర్‌లో మంచినీళ్ళు కాబట్టి తుప్పు బాధ తక్కువ. జీవితమంతా మంచినీళ్ళలోనే గడిపిన పడవ కనిపిస్తే దానికి కొంచెం ఎక్కువ ఇచ్చినా తప్పు లేదు.

డబ్బు లెక్క

నా లెక్క సులువు. చేతిలో ఉన్న డబ్బులో సగమే పడవ ధరకి, మిగతా సగం మొదటి ఏడాది పనులకి. 10,000 డాలర్లు ఉంటే 5,000 పడవ చూడండి. దీనికి తోడు నెలనెలా స్లిప్ అద్దె, ఇన్సూరెన్స్, రెండు మూడేళ్ళకోసారి పడవని నీళ్ళ నుంచి పైకి తీసి అడుగు రంగు వేయించే ఖర్చు ఉంటాయి.

ఇన్సూరెన్స్ సంగతి పడవ చూడకముందే కనుక్కోండి. ముప్పై నలభై ఏళ్ళు దాటిన పడవకి పూర్తి ఇన్సూరెన్స్ ఇవ్వడానికి చాలా కంపెనీలు వెనకాడతాయి, సర్వే రిపోర్టు, అంటే పడవని పరీక్షించే నిపుణుడి రిపోర్టు, అడుగుతాయి. ఎదుటివాళ్ళకి జరిగే నష్టానికి మాత్రం వర్తించే లయబిలిటీ పాలసీ కాస్త తేలిగ్గా దొరుకుతుంది. అది కూడా లేని పడవని చాలా మరీనాలు (పడవలు నిలిపే రేవులు) లోపలికి రానివ్వవు. స్లిప్ కూడా ముందే చూసుకోవాలి. పడవ అమ్మితే స్లిప్ కొత్త ఓనర్‌కి వస్తుందనుకోవద్దు, మరీనా ఆఫీసులో అడగండి.

"ఉచితం, తీసుకెళ్తే చాలు" అనే పడవల జోలికి పోకండి. చెడిపోయిన డీజిల్ ఇంజిన్ తీసి కొత్తది పెట్టించాలంటేనే 10,000 డాలర్లు దాటుతుంది. పాత పడవని చట్టప్రకారం తుక్కు చేయించాలన్నా వేల డాలర్లు పోతాయి. పడవతో పాటు ఆ ఖర్చు కూడా మీ నెత్తిమీదికి వస్తుందని గుర్తుంచుకోండి.

ఏ పడవ?

మొదటి పడవకి నా ఓటు ఎక్కువ సంఖ్యలో తయారైన వాటికే. కాటలీనా 22 పడవలు 15,000కి పైగా తయారయ్యాయి. ట్రైలర్ మీద పెట్టుకుని ఇంటికి తెచ్చుకోవచ్చు, స్లిప్ అద్దె మిగులుతుంది. కాటలీనా 27లో కుటుంబం ఒక రాత్రి పడుకోవచ్చు. 1974 నుంచి వచ్చిన కాటలీనా 30 లోపల ఎంత విశాలంగా ఉంటుందంటే ఆ పొడవు పడవేనా అనిపిస్తుంది. అవి 6,000కి పైగా తయారయ్యాయి. ఇంతమంది దగ్గర ఒకే రకం పడవ ఉండటం వల్ల లాభం ఏమిటంటే, మీకు వచ్చే ప్రతి సమస్యా ఇంతకుముందే ఎవరికో వచ్చి ఉంటుంది. పరిష్కారం ఓనర్ల సంఘాల్లో దొరుకుతుంది. విడిభాగాలు కూడా ఇంకా అమ్ముతున్నారు. ఆల్బర్గ్ గీసిన ట్రైటన్, ఆల్బర్గ్ 30 బరువైనవి, అలల్లో నెమ్మదిగా, నమ్మకంగా నడుస్తాయి. కానీ లోపల ఇరుకు. పిల్లలతో వెళ్ళేవాళ్ళు ముందు లోపల కూర్చుని చూడాలి.

మొదటిసారి మీరే చూడటం

సర్వేయర్‌ని పిలిచే ముందు మీ కళ్ళతో మీరు చూడాలి. నాసిరకం పడవలని ఈ దశలోనే వదిలేస్తే ఒక్కోదానికి ఏడెనిమిది వందల డాలర్లు మిగులుతాయి. టార్చిలైటు, ప్లాస్టిక్ తల ఉన్న చిన్న సుత్తి, చిన్న అద్దం, కొన్ని టిష్యూ పేపర్లు తీసుకెళ్ళండి. వీలైతే వాన పడిన మర్నాడు వెళ్ళండి.

లోపలికి దిగగానే వాసన చూడండి. మగ్గిన వాసన వస్తే ఎక్కడో చెమ్మ ఉంది. పరుపులు ఎత్తి చూడండి, ప్రతి లాకర్ అడుగునా చెయ్యి పెట్టండి. కిటికీల కింద, డెక్ (పడవ పైభాగం) మీద బిగించిన ఫిట్టింగుల కింద గోధుమరంగు చారలు కనిపిస్తే ఫొటో తీసుకోండి. అవి నీళ్ళు నడిచిన దారులు.

ఇప్పుడు డెక్ మీదికి రండి. పడవ అడుగు చాలావరకు గట్టి ఫైబర్‌గ్లాసే, కానీ డెక్ అలా కాదు. రెండు పల్చటి ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య బాల్సా చెక్కో ప్లైవుడ్డో ఉంటుంది. తాళ్ళు కట్టే క్లీట్లు, అంచు కంచెని నిలబెట్టే స్టాంచన్లు, తాళ్ళు లాగే వించ్‌లు బిగించడానికి దానికి డజన్ల కొద్దీ బెజ్జాలు పెట్టి ఉంటారు. బెజ్జం చుట్టూ వేసిన సీలెంట్ పదిహేను ఇరవై ఏళ్ళకి ఎండిపోతుంది. వాన నీళ్ళు లోపలి చెక్కలోకి దిగుతాయి, చెక్క కుళ్ళుతుంది. పైకి మాత్రం ఏమీ కనపడదు. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూసినట్టే ఇక్కడా శబ్దమే సాక్ష్యం. సుత్తితో జానెడు జానెడు దూరంలో మెల్లగా కొట్టుకుంటూ వెళ్ళండి. గట్టి డెక్ "టక్ టక్" అంటుంది. కుళ్ళిన చోట "డబ్" అని చచ్చుగా పలుకుతుంది. కాలితో నొక్కితే మెత్తగా దిగే చోట్లు కూడా చూడండి. ఒకటి రెండు చోట్ల అరచేతంత మేర ఉంటే భయం లేదు, బేరానికి పనికొస్తుంది. మాస్ట్ చుట్టూ, లేదా డెక్‌లో చాలా భాగం అలా ఉంటే నమస్కారం పెట్టి వచ్చేయండి.

మాస్ట్‌ని నిలబెట్టే తీగలు పడవకి తగిలే చోట చెయిన్‌ప్లేట్లు అనే స్టీలు పట్టీలు ఉంటాయి. డెక్‌ని చీల్చుకుని కిందికి దిగి, లోపలి అడ్డగోడకి బోల్ట్ అయి ఉంటాయి. స్టెయిన్‌లెస్ స్టీలుకి తుప్పు పట్టదనుకుంటాం. గాలి ఆడని చెమ్మలో అది లోలోపలే తినుకుపోతుంది. ఆ అడ్డగోడ మీద స్క్రూడ్రైవర్ మొనతో పొడిచి చూడండి. మెత్తగా దిగితే చెక్క కుళ్ళినట్టే, బేరం ఆ మేరకు మారాలి. తీగల మీద టిష్యూ పేపరు మెల్లగా లాగండి. పేపరు చిక్కుకున్న చోట పోగు తెగి ఉంది. వేళ్ళతో లాగొద్దు, కోసుకుంటుంది. తీగ చివర బిగించిన గొట్టాల్లో వెంట్రుకంత పగులున్నా ఆ తీగ మార్చాల్సిందే.

మాస్ట్ డెక్ మీద ఆనే పడవల్లో దాని కింద లోపల ఒక స్తంభం ఉంటుంది. మాస్ట్ బరువంతా దాని మీదుగా కీల్‌కి చేరుతుంది. స్తంభం కింది చెక్క నాని కుంగిపోతే మాస్ట్ దగ్గర డెక్ పళ్ళెంలా దిగుతుంది, లోపలి తలుపులు పట్టేస్తాయి. తలుపులన్నీ వేసి తీసి చూడండి.

బిల్జ్ (పడవ లోపలి అట్టడుగు) మీది పలకలు ఎత్తి కీల్ బోల్టులు చూడండి. పైపై తుప్పు మామూలే. పొరలు పొరలుగా లేచిపోతుంటే కాదు. బయట కీల్‌కీ పడవ ఒంటికీ మధ్య ముందువైపు చిరునవ్వు ఆకారంలో ఒక బీట కొన్ని పడవల్లో కనిపిస్తుంది, కాటలీనాల్లో ఇది ఎంత మామూలంటే దానికి కాటలీనా స్మైల్ అని పేరే పడిపోయింది. చాలాసార్లు బోల్టులు సరిగా బిగించి, బీట పూడిస్తే సరిపోతుంది. తొలి సంవత్సరాల కాటలీనా 30ల్లో మాత్రం కీల్ బోల్టుల కింద ప్లైవుడ్ ఉంది. అది నానితే పని పెద్దది. దీన్ని సర్వేయర్‌కి ప్రత్యేకంగా చెప్పి చూపించుకోండి. పడవ అడుగున చిన్న చిన్న పొక్కులు కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, అవి చాలావరకు చూపుకే బాగుండవు. చుక్కాని పట్టుకుని ఊపి చూడండి, ఆట ఎక్కువ ఉండకూడదు. నీళ్ళ నుంచి పైకి తీసిన రెండో రోజు కూడా చుక్కాని అడుగు నుంచి నీళ్ళు కారుతుంటే లోపల నీళ్ళు నిండి ఉన్నాయి.

ఇంజిన్ దగ్గరికి వస్తే, స్టార్ట్ చేయకముందే దాని మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీరు రాకముందే ఎవరో నడిపారు. చల్లటి ఇంజిన్ ఎలా అందుకుంటుందో చూడాలి కాబట్టి ఇంకో రోజు వస్తానని చెప్పండి. స్టార్ట్ అయ్యాక ఎగ్జాస్ట్ నుంచి నీళ్ళు ధారగా పడాలి. పొగ నల్లగా ఉంటే గాలి చాలడం లేదు, లేదా భారం ఎక్కువైంది. నీలంగా ఉంటే ఆయిల్ కాలుతోంది. తెల్లగా, ఎంతకీ తగ్గకుండా ఉంటే కాలని డీజిలో, ఆవిరో.

తెరచాపలు విప్పించి చూడండి. మంచి డాక్రాన్ గుడ్డ గరుగ్గా ఉంటుంది. కుట్టు మీద గోటితో గట్టిగా గీరితే దారం తెగిందంటే ఎండకి చచ్చిపోయింది. గుడ్డ బాగుండి దారం పోతే తిరిగి కుట్టించుకోవచ్చు.

సర్వే

సామ్స్ లేదా నామ్స్ అనే సర్వేయర్ల సంఘాల్లో సభ్యుడైన సర్వేయర్‌ని మీరే వెతికి పెట్టుకోండి. అమ్మేవాళ్ళ దగ్గరున్న పాత రిపోర్టు చదవండి, కానీ దాని మీద ఆధారపడకండి. ఫీజు సాధారణంగా పడవ పొడవులో అడుగుకి 20 నుంచి 30 డాలర్ల మధ్య ఉంటుంది, పడవని పైకి తీయించే ఖర్చు వేరు. ముందుగా "సర్వే, సీ ట్రయల్ (నీళ్ళలో నడిపి చూడటం) సంతృప్తికరంగా ఉంటేనే" అనే షరతు రాసి, అడ్వాన్సు ఇచ్చి, ఆ తర్వాతే సర్వేకి వెళ్ళాలి. ఆ రోజు సెలవు పెట్టుకుని పక్కనే ఉండండి. ఒక సర్వేయర్ వెంట సగం రోజు తిరిగితే తెలిసేది పుస్తకాల్లో దొరకదు. చాలామంది సర్వేయర్లు మాస్ట్ ఎక్కరు, ఇంజిన్ లోపల చూడరు. తీగలు పాతవైతే మాస్ట్, తీగల పని చేసే రిగ్గర్‌ని, ఇంజిన్ మీద అనుమానం ఉంటే డీజిల్ మెకానిక్‌ని విడిగా పిలవాలి. సీ ట్రయల్‌లో ఇంజిన్‌ని కొన్ని నిమిషాలు పూర్తి వేగంతో నడిపించి టెంపరేచర్ గమనించండి. తెరచాపలన్నీ ఎత్తించండి.

కాగితాలు

1972 నవంబర్ 1 తర్వాత అమెరికాలో తయారైన ప్రతి పడవకీ 12 అక్షరాలూ అంకెలూ కలిసిన హల్ నంబర్ (పడవ ఒంటి గుర్తింపు సంఖ్య) ఉంటుంది. పడవ వెనక భాగంలో కుడివైపున చెక్కి ఉంటుంది. మొదటి మూడు అక్షరాలు కంపెనీవి, కాటలీనా అయితే సీటీవై. ఆ నంబర్ టైటిల్ (యాజమాన్య పత్రం) మీద ఉన్న నంబర్‌తో అక్షరం పొల్లు పోకుండా కలవాలి.

మనవాళ్ళు ప్రత్యేకంగా గమనించాల్సింది ఇది. పడవ కాగితాలు రెండు రకాలు. రాష్ట్ర రిజిస్ట్రేషన్ ఒకటి, కోస్ట్ గార్డ్ దగ్గర చేసే ఫెడరల్ డాక్యుమెంటేషన్ ఇంకొకటి. రెండోది 5 నెట్ టన్నులు (ఇది బరువు కాదు, లోపలి చోటు కొలత), అంతకు పైబడిన పడవలకే, అదీ అమెరికా పౌరులకే. హెచ్-1బీ మీద ఉన్నా, గ్రీన్‌కార్డు ఉన్నా డాక్యుమెంటేషన్ కుదరదు. అంతమాత్రాన పడవ కొనకూడదని కాదు, రాష్ట్ర రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చు. కొనే పడవ ఇప్పటికే డాక్యుమెంటేషన్‌లో ఉంటే అమ్మేవాళ్ళు దాన్ని రద్దు చేయించి ఇవ్వాలి. వెస్ట్ వర్జీనియాలోని ఫాలింగ్ వాటర్స్‌లో ఉన్న కోస్ట్ గార్డ్ కేంద్రం నుంచి ఆ పడవ టైటిల్ చరిత్ర తెప్పించుకుంటే అక్కడ నమోదైన అప్పులేమైనా ఉంటే బయటపడతాయి. మరీనాకి అద్దె బాకీ ఉందేమో కూడా అడిగి, లేదని రాయించుకోండి. బాకీ ఉంటే దానికోసం పడవని పట్టుకునే హక్కు వాళ్ళకి ఉండవచ్చు.

కొన్నాక మొదటి నెల

కొత్త పరుపులు, కొత్త స్టీరియో కొనాలని మనసు లాగుతుంది. ముందు పడవ తేలాలి, తర్వాత మాస్ట్ నిలబడాలి, ఆ తర్వాత ఇంజిన్ నడవాలి. మిగతావన్నీ ఆ వరసలో చివరికి.

తేలడం అంటే మొదట చూడాల్సింది నీటిమట్టం కింద ఉన్న బెజ్జాలు. సింకుకి, టాయిలెట్‌కి, ఇంజిన్ కూలింగ్‌కి ఒక్కో బెజ్జం, ఒక్కో వాల్వు ఉంటాయి. నీటిమట్టానికి 2 అడుగుల కింద ఒకటిన్నర అంగుళం పైపు ఊడితే నిమిషానికి దాదాపు 60 గ్యాలన్ల వరకు నీళ్ళు లోపలికి రాగలవు. పడవల్లో ఉండే మామూలు పంపు ఏదీ దానికి చాలదు. అందుకని ప్రతి వాల్వునీ తిప్పి చూడండి. తిరగనిది బాగుచేయించాలి. ఇంటి పైపులకి వాడే ఇత్తడి గేట్ వాల్వులు ఉంటే పడవ పైకి తీసినప్పుడే పీకేసి, కంచు లేదా మారెలాన్ అనే గట్టి ప్లాస్టిక్‌తో చేసిన సీకాక్‌లు (పడవల కోసం చేసిన వాల్వులు) పెట్టించండి. ఉప్పునీళ్ళలో ఇత్తడిలోని జింకు కరిగిపోయి, మిగిలింది చేత్తో విరిగేలా తయారవుతుంది. పైపులకి రెండేసి క్లాంపులు బిగించండి. ప్రతి సీకాక్ పక్కనా దానికి సరిపడే చెక్క బిరడా తాడుతో కట్టి ఉంచండి. బిల్జ్ పంపు ఫ్లోట్ స్విచ్‌ని చేత్తో ఎత్తి పంపు తిరుగుతోందో లేదో చూడటం ప్రతిసారీ పడవ ఎక్కగానే చేసే మొదటి పని కావాలి.

ప్రొపెల్లర్ షాఫ్ట్ బయటికి వెళ్ళే చోట నీళ్ళు రాకుండా ఆపే పాతకాలపు స్టఫింగ్ బాక్స్ ఉంటే షాఫ్ట్ తిరుగుతున్నప్పుడు నిమిషానికి రెండు మూడు చుక్కలు పడటం మంచిదే, అదే దానికి చల్లదనం. ధార కడుతుంటే దాని లోపలి ప్యాకింగ్ మార్చాలి.

తీగల వయసు ఎవరికీ తెలియకపోతే మార్చేయండి. ఉప్పునీళ్ళలో పది పదిహేనేళ్ళకి మార్చడం చాలామంది రిగ్గర్లు పాటించే లెక్క. మాస్ట్ విరిగి మనుషుల మీద పడిన సంగతులు విన్నవాళ్ళెవరూ ఈ ఖర్చుకి బాధపడరు. ట్రైలర్ పడవ అయితే మాస్ట్ ఎత్తే ముందు తల పైకెత్తి కరెంటు తీగలు చూడండి, ప్రతిసారీ చూడండి.

భద్రత సామాన్లు కూడా ఈ నెలలోనే. మనిషికో లైఫ్ జాకెట్, నీళ్ళలో పడినవాళ్ళకి విసరడానికి తేలే సాధనం ఒకటి, ప్రమాద సంకేతమిచ్చే, గడువు దాటని ఫ్లేర్లు. వాడి పారేసే రకం మంటలార్పే సిలిండర్ తయారై 12 ఏళ్ళు దాటితే 2022 ఏప్రిల్ నుంచి చెల్లదు, అడుగున ముద్రించిన సంవత్సరం చూడండి. పడవ కదులుతున్నప్పుడు డెక్ మీద ఉన్న 13 ఏళ్ళలోపు పిల్లలకి లైఫ్ జాకెట్ తప్పనిసరి, కొన్ని రాష్ట్రాల్లో వయసు వేరుగా ఉంటుంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, పిల్లలు చూసి నేర్చుకుంటారు కాబట్టి పెద్దలూ వేసుకోవాలి.

మొదటి సీజన్‌లో పెద్ద పనులేవీ పెట్టుకోకుండా పడవ నడపండి. ఏది నిజంగా కావాలో, ఏది అక్కర్లేదో నడిపితేనే తెలుస్తుంది. అన్నీ విప్పి పెట్టుకున్న పడవలు మళ్ళీ నీళ్ళలోకి దిగడం తక్కువ.

డెక్ ఫిట్టింగులు తిరిగి బిగించడం

పాత పడవకి మీరు చేయగల అన్ని పనుల్లో దీని విలువ ఎక్కువ, ఖర్చు తక్కువ. వారానికి ఒకటి రెండు ఫిట్టింగుల చొప్పున చేసుకుంటూ పోతే ఒక చలికాలంలో డెక్ అంతా అయిపోతుంది.

1. లోపల ఒకరు నట్టు పట్టుకోగా బయట నుంచి బోల్టు విప్పండి. ఫిట్టింగు తీసి పాత సీలెంట్ అంతా గీరేయండి.

2. బెజ్జంలో వేలు పెట్టి చూడండి. చెక్క పొడిగా, గట్టిగా ఉంటే అదృష్టం. తడిగా ఉంటే చుట్టుపక్కల నానిన చెక్కని వంచిన మేకుతో గీకి తీసి, కొన్నాళ్ళు పైన కప్పు కప్పి ఆరబెట్టండి. తొందరపడి తడి మీద ఎపాక్సీ (రెండు భాగాలు కలిపితే గట్టిపడే జిగురు) పోస్తే చెమ్మ లోపలే ఉండిపోతుంది.

3. పావు అంగుళం బోల్టుకి పెట్టిన బెజ్జాన్ని అర అంగుళానికి పెద్దది చేయండి. పై పొర, మధ్య చెక్క వరకే డ్రిల్ దిగాలి, కింది పొర జోలికి పోకూడదు. కింద బెజ్జానికి గట్టి టేపు అంటించండి.

4. ముందు పల్చటి ఎపాక్సీ పోసి చెక్క అంచులు తాగనివ్వండి. తర్వాత సిలికా పొడి కలిపి చిక్కబరచిన ఎపాక్సీతో బెజ్జం నింపండి. చేతులకి గ్లవ్స్ తప్పనిసరి, ఎపాక్సీ చర్మానికి పడక ఎలర్జీ వస్తే జీవితాంతం ఉండవచ్చు.

5. గట్టిపడ్డాక మధ్యలో పావు అంగుళం బెజ్జం కొత్తగా పెట్టండి. బెజ్జం నోరు కొద్దిగా వెడల్పు చేయండి. ఇప్పుడు నీళ్ళు కారినా తగిలేది ఎపాక్సీకే, చెక్కకి కాదు.

6. బ్యూటైల్ టేపుని (మెత్తగా సాగే సీలింగ్ టేపు) బోల్టు మెడ చుట్టూ చుట్టి, ఫిట్టింగు కింద పరిచి బిగించండి. బయట బోల్టు కదలకూడదు, లోపల నట్టే తిప్పాలి. ఒకేసారి బిగించకుండా, రెండు మూడు రోజుల పాటు కొంచెం కొంచెంగా బిగిస్తే టేపు అన్ని వైపులకీ సర్దుకుంటుంది.

హార్డ్‌వేర్ షాపులో దొరికే సిలికాన్ డెక్ మీద వాడొద్దు. అది వదిలిపోతుంది, పైగా అది తగిలిన చోట ఇంకేదీ అంటదు. 3ఎం 5200 అనే సీలెంట్ దీనికి సరిగ్గా వ్యతిరేకం, జిగురులా పట్టేసి, మళ్ళీ తీయాలంటే డెక్ పొర ఊడి వస్తుంది.

ఇంజిన్

1985కి ముందు పడవల్లో చాలావాటికి యూనివర్సల్ కంపెనీ అటామిక్ 4 ఉండేది. పెట్రోల్‌తో నడుస్తుంది. మెత్తగా, నిశ్శబ్దంగా నడిచే మంచి ఇంజిన్, విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతాయి. భయమల్లా పెట్రోల్ ఆవిరితోనే. అది గాలికంటే బరువు, బిల్జ్‌లో చేరుతుంది. స్టార్ట్ చేసే ముందు బ్లోయర్ (ఆ ఆవిరిని బయటికి తోసే ఫ్యాను) కనీసం 4 నిమిషాలు నడిపి, ఇంజిన్ మూత తెరిచి ముక్కుతో వాసన చూడాలి. దీనికి ఏ రోజూ మినహాయింపు లేదు. క్యాబిన్‌లో కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా ఉండాలి.

డీజిల్‌కి కావాల్సింది శుభ్రమైన ఇంధనం, చల్లటి నీళ్ళు, సమయానికి ఆయిల్ మార్పు. ఏడాదికోసారి, లేదా 100 గంటలకి ఆయిల్, ఫిల్టర్లు మార్చండి. నీళ్ళు లాగే పంపులోని రబ్బరు ఇంపెల్లర్ ఏడాదికోసారి తీసి చూడండి. దాని రెక్క ఒకటి తెగి కనపడకపోతే వెతికి తీయాల్సిందే, లేకపోతే ముందుకెళ్ళి హీట్ ఎక్స్‌చేంజర్‌లో అడ్డం పడుతుంది. టాంకు నిండుగా ఉంచితే లోపల చెమ్మ పట్టే చోటు తగ్గుతుంది. గంటల తరబడి ఖాళీగా తిప్పడం డీజిల్‌కి మంచిది కాదు, వారానికోసారైనా భారం మీద వేడెక్కేలా నడపండి. చలికి గడ్డకట్టే ప్రాంతాల్లో శీతాకాలానికి ముందు కూలింగ్ పైపుల్లో, మంచినీళ్ళ పైపుల్లో గులాబీ రంగు యాంటీఫ్రీజ్ ఎక్కించాలి.

కరెంటు

యాభై ఏళ్ళలో పడవ చేతులు మారిన కొద్దీ ఒక్కో ఓనరు ఒక్కో వైరు లాగి ఉంటాడు. ఏ వైరు ఎక్కడికి వెళ్తుందో కాగితం మీద గీసుకుని, దేనికీ పనిచేయనివి పీకేయండి. కొత్తవి తగరం పూత ఉన్న మెరైన్ వైర్లే కావాలి, ఇంట్లో వాడే వైర్ నట్లు పనికిరావు. బ్యాటరీ నుంచి వచ్చే వైరుకి 7 అంగుళాల లోపే ఫ్యూజు ఉండాలి. డాక్ కరెంటు ప్లగ్గు పళ్ళు నల్లబడి ఉంటే ఆ రోజే కేబులూ ఇన్‌లెట్టూ రెండూ మార్చండి, పడవల్లో మంటలు అక్కడ మొదలవడం చాలా మామూలు.

ఇంకో మాట, ఇది ఇంట్లో అందరికీ చెప్పాలి. మరీనాలో డాక్ పక్కన ఈదొద్దు. ఏదో ఒక పడవ నుంచి కరెంటు నీళ్ళలోకి కారుతుంటే కంటికి కనపడదు. మంచినీళ్ళ చెరువుల్లో ఇది మరీ ప్రమాదం. మంచినీళ్ళకంటే మన శరీరమే కరెంటుని బాగా లాగుతుంది, కండరాలు పట్టేసి మనిషి మునిగిపోతాడు. టెక్సస్, జార్జియా చెరువుల దగ్గర వేసవిలో పిల్లలు డాక్ మీద నుంచి దూకాలని సరదా పడతారు. ఒప్పుకోవద్దు.

అడుగు, తెరచాపలు, తుఫాను

అడుగున రాగి కలిపిన రంగు నాచునీ నత్తగుల్లలనీ పట్టనివ్వదు. ఉప్పునీళ్ళలో అది రెండు మూడేళ్ళు వస్తుంది. పాత రంగు గీకేటప్పుడు దుమ్ము విషం, మాస్కు పెట్టుకుని, తడిపి గీకండి. షాఫ్ట్ మీద ఉండే జింకు ముక్క సగానికి కరిగితే మార్చేయండి. అది కరిగితేనే ప్రొపెల్లర్ మిగులుతుంది. ఉప్పునీళ్ళకి జింకు, మంచినీళ్ళకి మెగ్నీషియం, రెండూ కలిసే చోట అల్యూమినియం.

తెరచాపలకి అసలు శత్రువు ఎండ. దిగే ముందు కవరు వేయడం మానొద్దు. చలికాలంలో విప్పి ఇంటికి తెచ్చి, ఉప్పు పోయేలా కడిగి ఆరబెట్టి పెట్టుకోండి. టాయిలెట్ పైపు నేరుగా బయటికి వెళ్ళేలా ఉంటే వాల్వు మూసి కట్టేయండి. తీరానికి 3 నాటికల్ మైళ్ళలోపు శుద్ధి చేయని మురుగు వదలడం నేరం, టాంకులో పట్టి మరీనాలో పంప్ చేయించాలి.

గల్ఫ్ తీరంలో, అట్లాంటిక్ తీరంలో ఉండేవాళ్ళకి జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా తుఫానుల కాలం. తుఫాను వస్తే పడవని ఏం చేస్తారో ఇన్సూరెన్స్ కంపెనీ ముందే రాసిమ్మంటుంది. పైకి తీసే యార్డుతో మే నెలలోనే మాట్లాడి పెట్టుకోండి, హెచ్చరిక వచ్చాక ఖాళీ దొరకదు. పైకి తీయడం కుదరకపోతే తెరచాపలన్నీ విప్పి ఇంటికి తెచ్చేయండి, చుట్టి వదిలేసినవి గాలికి విప్పుకుని పడవని చితక్కొడతాయి. తాళ్ళు రెట్టింపు చేసి, ఒరుసుకునే చోట పాత ఫైర్ హోస్ ముక్కలు తొడిగి, డాక్ వైపు దెబ్బ తగలకుండా కాపాడే ఫెండర్లు కట్టండి. నీటిమట్టం పెరిగినప్పుడు బిగుసుకోకుండా తాళ్ళకి తగినంత వదులు ఉంచండి. బ్యాటరీలు నిండా ఛార్జి చేసి, బిల్జ్ పంపు మరోసారి పరీక్షించి, మీరు మాత్రం ఒడ్డుకి వచ్చేయండి. తుఫానులో పడవలో ఉండి దాన్ని కాపాడటం ఎవరి వల్లా కాదు.